మూడు జట్లకు సమాన పాయింట్లు వస్తే ముందుకు వెళ్లేది ఎవరు? ఆసియా కప్ నియమం, మా మండల టోర్నీ తగాదా

ప్రశ్న: దేవరకొండ స్కోరర్

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో మా మండలంలో టెన్నిస్ బంతితో పన్నెండు ఓవర్ల టోర్నమెంటు జరుగుతోంది. స్కోరు పుస్తకం రాసే పని నాది. మా గ్రూపులోని నాలుగు జట్లలో ఒకటి అన్ని మ్యాచ్‌లూ ఓడిపోయింది. మిగిలిన మూడూ ఒకదానినొకటి ఓడించుకుని సమాన పాయింట్లతో నిలిచాయి, సెమీఫైనల్‌కు వెళ్లవలసినవి మాత్రం రెండే. ఒక జట్టువారు "2012 ఆసియా కప్‌లో మనవాళ్లకూ బంగ్లాదేశ్‌కూ సమాన పాయింట్లు వస్తే, మనల్ని ఓడించినందుకు బంగ్లాదేశ్‌నే ఫైనల్‌కు పంపారు, కాబట్టి ఎవరు ఎవరిని గెలిచారో అదే చూడాలి" అంటున్నారు. ఇంకో జట్టువారు 2023లో అఫ్గానిస్తాన్ ఇంటికి వెళ్లిపోయిన మ్యాచ్‌ను చూపించి, నెట్ రన్‌రేట్ (ఓవరుకు చేసిన పరుగుల్లోంచి ఓవరుకు ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలేది) తప్ప వేరే దారి లేదంటున్నారు. ఒకే ఆసియా కప్‌లో రెండు నియమాలు ఎలా ఉన్నాయి? ఇందులో మాకు వర్తించేది ఏది? పెద్దమనుషులు రేపటికల్లా తేల్చమన్నారు.

జవాబు: పాలమూరు లెక్కల మాస్టారు

ఇద్దరూ చెబుతున్నవి నిజంగా జరిగినవే, కానీ ఆ రెండు సందర్భాలూ ఒకటి కావు. 2012 మార్చిలో మీర్పూర్‌లో సచిన్ తన వందో అంతర్జాతీయ శతకం, 114 పరుగులు, చేసిన మ్యాచ్‌లోనే భారత్ బంగ్లాదేశ్ చేతిలో అయిదు వికెట్ల తేడాతో ఓడింది. రెండు రోజుల తర్వాత పాకిస్తాన్ మీద కోహ్లీ 183 కొట్టి 330 పరుగుల లక్ష్యాన్ని దాటించినా, ఆ తర్వాత బంగ్లాదేశ్ శ్రీలంకను కూడా ఓడించడంతో భారత్, బంగ్లాదేశ్ చెరి రెండు విజయాలతో సమానమయ్యాయి. సమానమైనవి రెండు జట్లే కనుక వాటి మధ్య జరిగిన మ్యాచ్ ఫలితం చూస్తే సరిపోయింది.

మీ దగ్గర సమానమైనవి మూడు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని గెలిచినప్పుడు ముఖాముఖి ఫలితం పట్టుకుని ఎంత తిరిగినా బయలుదేరిన చోటికే వస్తారు. సరిగ్గా ఇలాంటిది 1995 ఆసియా కప్‌లో, షార్జాలో జరిగింది. పాకిస్తాన్ భారత్‌ను, భారత్ శ్రీలంకను, శ్రీలంక పాకిస్తాన్‌ను ఓడించాయి. మూడూ బంగ్లాదేశ్‌ను గెలిచాయి. చివరికి రన్‌రేట్ చూసి పాకిస్తాన్‌ను పక్కన పెట్టారు. మన హైదరాబాదీ అజహరుద్దీన్ ఫైనల్లో 90 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు అందుకున్నది ఆ ఏడాదే. మీ మండలం గ్రూపు అచ్చం దానిలాగే ఉంది కాబట్టి రెండో జట్టువారి మాటే చెల్లుతుంది.

జవాబు: మిర్యాలగూడ నుంచి

మాస్టారు చెప్పినదానికి అఫ్గానిస్తాన్ మ్యాచ్ వివరం జోడిస్తాను, ఎందుకంటే దాన్ని చాలామంది సగమే గుర్తుంచుకున్నారు. 2023 సెప్టెంబరు 5న లాహోర్‌లో శ్రీలంక 291 పరుగులు చేసింది. అఫ్గానిస్తాన్ అప్పటికే బంగ్లాదేశ్ చేతిలో 89 పరుగుల తేడాతో ఓడి ఉంది కనుక వాళ్లకు గెలుపొక్కటే చాలదు, 292 లక్ష్యాన్ని 37.1 ఓవర్లలో, అంటే 37 ఓవర్ల ఒక బంతిలో, అందుకుంటేనే సూపర్ ఫోర్‌కు, అంటే నాలుగు జట్ల తర్వాతి దశకు, వెళ్తారు. నబీ 32 బంతుల్లో 65 కొట్టి దాన్ని అందేంత దగ్గరికి తెచ్చాడు. 38వ ఓవరు మొదలయ్యేసరికి మూడు పరుగులు కావాలి, చేతిలో ఉన్నది ఒకే బంతి. ధనంజయ డిసిల్వా వేసిన ఆ బంతిని గాల్లోకి లేపి ముజీబ్ అవుటయ్యాడు. దాంతో కథ ముగిసిందనుకుని చివరి బ్యాటర్ ఫారూకీ తర్వాతి రెండు బంతులను అడ్డుకున్నాడు, మూడోదానికి ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. అవతలి కొసన రషీద్ ఖాన్ 27 పరుగులతో అలాగే నిలబడిపోయాడు.

నిజానికి దారి ఇంకా మూసుకుపోలేదు. స్కోరు 289 దగ్గర ఉండగా 37.4 ఓవర్లలోపు ఒక్క సిక్సర్ పడితే 295 అవుతుంది, అప్పుడు శ్రీలంక నెట్ రన్‌రేట్ సుమారు మైనస్ 0.112కు జారి అఫ్గానిస్తాన్‌ది మైనస్ 0.090 దగ్గర ఆగేది. సింగిల్స్‌తో 291కి చేరి స్కోర్లు సమం చేసి, 38.1 ఓవర్లలోపు సిక్సర్‌తో 297 చేసినా సరిపోయేది. ఈ లెక్కలు తమకెవరూ చెప్పలేదని మ్యాచ్ తర్వాత అఫ్గానిస్తాన్ కోచ్ ట్రాట్ అన్నాడు. అంతర్జాతీయ జట్టు డగౌట్‌లో కూర్చున్నవాళ్లు కూడా చెప్పించుకోవలసిన లెక్కా ఇది అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

దేవరకొండ స్కోరర్

ఇద్దరికీ ధన్యవాదాలు. నెట్ రన్‌రేట్ పద్ధతికి జట్లన్నీ ఒప్పుకున్నాయి, కానీ కొత్త చిక్కు వచ్చిపడింది. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు 8.3 ఓవర్లలో 61 పరుగులకు ఆలౌటయింది. వాళ్ల కెప్టెన్ ఫోన్లో 61ని 8.3తో భాగించి 7.35 వచ్చిందని, కాబట్టి తామే పైన ఉన్నామని వాదిస్తున్నాడు. ఓడిపోయిన ఇన్నింగ్స్‌కు అంత రేటు రావడం నాకు వింతగా ఉంది, కానీ తప్పెక్కడో చెప్పలేకపోతున్నాను.

జవాబు: పాలమూరు లెక్కల మాస్టారు

అందులో తప్పులు రెండు. ఓవర్లలో చుక్క తర్వాత ఉండేది దశాంశం కాదు, బంతుల సంఖ్య. 8.3 అంటే ఎనిమిది ఓవర్ల మూడు బంతులు, ఫోన్లో కొట్టవలసింది 8.5. అలాగే 37.4ను 37.667గా తీసుకోవాలి. బంతులన్నీ కూడి ఆరుతో భాగిస్తే ఈ గందరగోళం అసలు రాదు. మా పిల్లల చేత నేను అలాగే చేయిస్తాను.

రెండోది ఇంతకన్నా పెద్దది. ఆలౌటైన జట్టుకు అది ఆడిన ఓవర్లను కాక, దానికి కేటాయించిన మొత్తం ఓవర్లను లెక్కించాలి. అందుచేత 61ని పన్నెండుతో భాగించాలి, వచ్చేది 5.08. ఈ నియమం లేకపోతే గుడ్డిగా బ్యాటు ఊపి తొందరగా అవుటైనవాడికే లాభం. 2023 ఆసియా కప్ ఫైనల్లో మన సిరాజ్ 21 పరుగులకు ఆరు వికెట్లు తీయగా శ్రీలంక 15.2 ఓవర్లలో 50కి కుప్పకూలింది గదా, అది గ్రూపు మ్యాచ్ అయి ఉంటే వాళ్ల ఖాతాలో పడేవి పూర్తి 50 ఓవర్లు, అంటే ఓవరుకు ఒక్క పరుగు. ఇదే ఓవర్ల సంఖ్యను బౌలింగ్ చేసిన జట్టు ఖాతాలోనూ వేయాలి. చాలామంది ఒకవైపు మార్చి రెండోవైపు మరిచిపోతారు.

చేసిన పరుగులన్నీ ఆడిన ఓవర్లన్నిటితో, ఇచ్చిన పరుగులన్నీ వేసిన ఓవర్లన్నిటితో విడివిడిగా భాగించి, మొదటిదానిలోంచి రెండోది తీసివేయండి. మ్యాచ్‌కొక రేటు కట్టి వాటికి సగటు తీయవద్దు, అలా చేస్తే ఫలితం మారిపోవచ్చు.

జవాబు: వనపర్తి నుంచి

లెక్కతో నాకు పేచీ లేదు, న్యాయంతోనే ఉంది. అందరి చేతిలో ఓడిన ఆ నాలుగో జట్టును ఎవరు చితకబాదితే వాళ్ల రన్‌రేట్ పెరిగిపోతుంది. ఆ జట్టులో సగంమంది పత్తి ఏరడానికి వెళ్లిన రోజున ఆడినవాడి అదృష్టమే అదృష్టం. సమానంగా నిలిచిన మూడు జట్లూ తమలో తాము ఆడిన మ్యాచ్‌ల వరకే రేటు కడితే మేలని నా అభిప్రాయం.

జవాబు: మిర్యాలగూడ నుంచి

మీ మాటలో బలం ఉంది, కానీ ఇప్పుడు అలా మారిస్తే నష్టపోయే జట్టు ఊరుకోదు. వచ్చే ఏడాది ఎంట్రీ ఫీజు తీసుకునే కాగితం మీదే ఆ సంగతి రాయించండి.

దేవరకొండ స్కోరర్

చివరిగా ఒక సందేహం. మా గ్రూపులో ఒక మ్యాచ్‌లో మొదటి జట్టు పన్నెండు ఓవర్లూ ఆడి 104 కొట్టాక వాన పడి ఆట ఆగిపోయింది, చెరొక పాయింటు ఇద్దామనుకున్నాం కానీ తర్వాత మరో రోజు మొత్తం మ్యాచ్ మళ్లీ ఆడించాం. ఆ 104ను లెక్కలో కలపాలా?

జవాబు: పాలమూరు లెక్కల మాస్టారు

కలపకూడదు. ఫలితం తేలని మ్యాచ్ పరుగులు నెట్ రన్‌రేట్‌లోకి రావు. 2023 సెప్టెంబరు 2న పల్లెకెలెలో పాకిస్తాన్ మీద భారత్ 266 చేశాక వాన వల్ల ఆట రద్దయింది; చెరొక పాయింటు వచ్చింది, ఆ 266 ఎవరి రేటులోనూ చేరలేదు. మీరు మళ్లీ ఆడించిన మ్యాచ్ స్కోర్లనే తీసుకోండి. వాన పడిన రోజు పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, రెండు జట్ల కెప్టెన్ల చేతా సంతకం పెట్టించండి.