బాపు లెవెల్ బుక్కులు చదవడం ఎవరైనా నేర్పిస్తారా?

హన్మకొండ బిడ్డ:

అందరికీ నమస్కారం. మా బాపు చనిపోయి ఐదు నెలలైంది. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేశాడు, సర్వీసులో ఎక్కువ కాలం కాకతీయ కాలువ మీదే. సంవత్సరీకం నాటికి మనుమలు, మనుమరాండ్ల కోసం ఆయన గురించి చిన్న పుస్తకంలాగ రాసి ఇంట్లో పెట్టుకుందామని కూర్చున్నాను. ఇంటి సంగతులైతే ఎన్నైనా రాస్తాను. రాజ్‌దూత్ ట్యాంకు మీద నేను, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో తమ్ముడు, అట్లా కాళేశ్వరం పోయినం ఒకసారి. అప్పుడు అక్కడ గోదావరి మీద వంతెన లేదు. ప్రాణహిత వచ్చి కలిసేది అవతలి ఒడ్డు నుంచి చూడాలని, అమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా బండిని నాటు పడవలోకి ఎక్కించి సిరొంచ దిక్కు తీసుకుపోయాడు. నడి నీళ్ళలో పడవ ఊగితే ఒక చెయ్యి బండి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి నా జబ్బ మీద. ఆ పట్టు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది నాకు. మా ఇద్దరికీ నడుముకు బెండు కట్టి బావిలో ఈత నేర్పింది కూడా ఆయనే. రిటైరైన ఏడాది గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు, అప్పట్లో 14 కిలోమీటర్ల దారి, అమ్మను గుర్రం మీద కూర్చోబెట్టి ఆయన పక్కన నడిచి ఎక్కాడు.

పని సంగతే నాకు తెలియదు. సందుకలో 11 లెవెల్ బుక్కులు (నేల ఎత్తులు కొలిచి రాసుకునేవట) దొరికాయి, అన్నీ పెన్సిల్ రాతలు, పేజీ నిండా అంకెలు. చివరి గడిలో మాత్రం తెలుగులో “ఈదమ్మ గుడి కింది మెట్టు”, “మర్రి కింద బండ, సున్నం గుర్తు”, “మోటబావి దరి, తూర్పు మూల” అని ఉంది. ఇవి ఏమిటి? 1979లో ఒక పేజీ హుజూరాబాద్ దగ్గరి ఊరిది. అట్లాంటి రోజు ఆయన ఏం చేసి ఉంటాడో ఎవరైనా చెప్పగలరా?

పాత లెవెలర్, కరీంనగర్:

అమ్మా, మీ బాపుగారికి నా నమస్కారం. నేనూ అదే పనిలో ముసలివాణ్ణయ్యాను కాబట్టి చెబుతున్నా. పోచంపాడు డ్యాంకు నెహ్రూ 1963 జులై 26న పునాదిరాయి వేశారు కదా, అక్కడి నుంచి కాకతీయ కాలువ మానేరు డ్యాం దాకా 146 కిలోమీటర్లు, అది దాటి మొత్తం 284. ఇంత పొడవునా నీళ్ళు మోటరు లేకుండా వాటంతట అవే నడవాలంటే వాలు సరిగ్గా ఉండాలి, పెద్ద కాలువకు ఆ వాలు కిలోమీటరుకు సెంటీమీటర్లలోనే ఉంటుంది. అందుకే తవ్వకానికి ముందు నేల ఎత్తు అంగుళం అంగుళం కొలవాలి.

మీరడిగిన గుర్తులు బెంచి మార్కులు. కదలని చోటు చూసి, గుడి మెట్టో బండో మోరీ గోడో, దాని ఎత్తు రాసిపెట్టుకుంటాం. మిషన్, అంటే మూడు కాళ్ళ మీది దుర్భిణి, నిలబెట్టి ముందు ఆ గుర్తు మీద పెట్టిన స్టాఫ్ (కొలత అంకెలు వేసిన పొడుగాటి కర్ర) చదివితే బ్యాక్ సైట్, మిషన్ ఎత్తి ఇంకో చోటికి పోయే ముందు చివరగా చదివింది ఫోర్ సైట్. బ్యాక్ సైట్ల మొత్తంలోంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేయండి. ఆర్.ఎల్. అంటే ఆ చోటికి లెక్కగట్టిన ఎత్తు; చివరి ఆర్.ఎల్.లోంచి మొదటి ఆర్.ఎల్. తీసేస్తే కూడా అంతే రావాలి. రాకపోతే కూడికలో తప్పు. కూడిక సరిగ్గా ఉండి, బయలుదేరిన గుర్తు మీదికే తిరిగి వచ్చినప్పుడు ఎత్తు ఎంత తేడా వచ్చిందో అది పనిలో తప్పు. సాధారణ లెవెలింగ్‌లో 4 కిలోమీటర్లకు 48 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. ఎండ ముదిరితే స్టాఫ్ మీద అంకెలు అలల్లాగ ఆడుతాయి, అందుకని తెల్లారకముందే సద్ది కట్టుకుని పోయేవాళ్ళం. రాత్రి డేరాలో కందిలి ముందర కూర్చుని ఈ కూడికలన్నీ. ఆ రోజు తేడా ఎక్కువొస్తే తెల్లారి మళ్ళీ మొదటి నుంచే.

మట్టి మనిషి:

అక్కా, మీరు మెసేజ్‌లో పంపిన ఊరు మా పక్క ఊరే. కాలువ రాకముందు మాది మోట బావి మీద ఎకరం తడిస్తే గొప్ప, మిగిలిందంతా వాన దయ. తొలిసారి నీళ్ళు వదిలినప్పుడు మా తాత తూము దగ్గర చెప్పులు విప్పి దిగి, పొద్దు గూకేదాకా ఒడ్డెక్కలేదు. గుడి సంగతి కనుక్కున్నా. కొత్తగా కట్టారు, గ్రానైటు వేశారు. పాత మెట్లు పారేయలేదు, వేప చెట్టు కింద వరుసగా పరిచారు, ముసలోళ్ళు కూర్చుంటరు.

పుస్తకాల పిచ్చి, వరంగల్:

ఒక్క మాట. ఆ బుక్కులకు లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్ళీ విడదీయలేం. పెన్సిల్ రాత సిరాలాగ వెలిసిపోదు, కానీ రుద్దుకుంటే పోతుంది. ముందు ప్రతి పేజీ ఫోటో తీసుకుని, బట్టలో చుట్టి తేమ తగలని చోట పెట్టండి.

హన్మకొండ బిడ్డ:

సార్, నిన్న రాత్రి తమ్ముడూ నేనూ కూర్చుని ఆ పేజీ కూడాం. బ్యాక్ సైట్లు 38.245, ఫోర్ సైట్లు 38.239. గుడి మెట్టు నుంచి బయలుదేరి గుడి మెట్టుకే వచ్చాడు. పొద్దున 271.365, సాయంత్రం 271.371. 6 మిల్లీమీటర్లు! పోను రాను కలిపి 4 కిలోమీటర్లని పైన ఆయనే రాసుకున్నాడు. అమ్మకు చెబితే “ఇంటికొచ్చినంక కూడా పప్పులో ఉప్పు అట్లనే చూసేటోడు” అని చాలాసేపు ఏడ్చింది.

సార్, ఆ మెట్టు ఇప్పుడు వేప కింద ఉందట కదా, ఇంకా పనికొస్తుందా?

పాత లెవెలర్, కరీంనగర్:

కదిలిస్తే లెవెల్ పోయినట్టే అమ్మా. ఇప్పుడది బెంచి మార్కు కాదు. రాయి మాత్రం అదే రాయి. 4 కిలోమీటర్లకు 6 అంటే నేను నా సర్వీసులో ఎన్నిసార్లు తెచ్చానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పిల్లల పుస్తకంలో ఆ పేజీ ఫోటో తప్పకుండా పెట్టండి.

హన్మకొండ బిడ్డ:

పెడతాను సార్. మట్టి మనిషి తమ్ముడూ, ఆదివారం అమ్మను తీసుకుని వస్తున్నాం. ఎండ ముదరకముందే, ఏడింటికల్లా గుడి దగ్గర ఉంటాం. కింది మెట్టు ఏదో ముసలోళ్ళను అడిగి పెట్టు.