పీడీఎఫ్ ప్లాన్‌ను ఆన్‌లైన్‌లో డీడబ్ల్యూజీ చేయిస్తే పనికొస్తుందా?

మధురవాడ_ఓనర్: పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాం. పాత ప్లాన్ పీడీఎఫ్‌గా ఒక్కటే ఉంది. కొత్త ఇంజినీరుగారు క్యాడ్ ఫైలు, అంటే కంప్యూటర్‌లో మార్చుకోగలిగే డ్రాయింగ్ (డీడబ్ల్యూజీ) అడుగుతున్నారు. ఒక సైటులో పెడితే ఉచితంగా మార్చి ఇస్తుందట. నమ్మొచ్చా?

గాజువాక_డ్రాఫ్టర్: వద్దు సార్. ఫైలు తెరుచుకుంటుంది, అంతే. గోడ ముక్కముక్కల గీతలుగా వస్తుంది. తలుపుల బ్లాకులు (ఒకే ముక్కగా కదిలే బొమ్మలు) విడిపోతాయి. కొలతలు ఉత్త అంకెలు, గోడ జరిపితే అవి మారవు. పైగా స్కేల్ ఉండదు. 1:100లో 9 అంగుళాల గోడ కాగితం మీద 2.3 మిల్లీమీటర్లే, క్యాడ్‌లోకీ అలాగే దిగుతుంది.

సైట్_బాబాయ్: ఇంత భయపెట్టాలా? ముందు జూమ్ చేసి చూడమనండి. ఎంత పెంచినా గీత పదునుగా ఉంటే అది క్యాడ్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్. దానికి సైటు కూడా అక్కర్లేదు, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లోనే 2017 వెర్షన్ నుంచి పీడీఎఫ్ఇంపోర్ట్ కమాండ్ ఉంది. అక్షరాలు గీతలుగా వస్తే, మళ్లీ అక్షరాలుగా మార్చే పీడీఎఫ్ఎస్‌హెచ్ఎక్స్‌టెక్స్ట్ కమాండ్ కొట్టాలి. స్కేల్ అంటారా, తెలిసిన కొలత ఒకటి చూపించి రిఫరెన్స్‌తో పెంచితే సరి.

మధురవాడ_ఓనర్: జూమ్ చేశాను. మసకగా ఉంది. మూల మీద స్టాంపు కూడా ఉంది.

గాజువాక_డ్రాఫ్టర్: రిఫరెన్స్ ఒక్క కొలతకే సరిపోతుంది బాబాయ్. అడ్డం ఒక లెక్క, నిలువు ఒక లెక్క సాగి ఉంటే?

సైట్_బాబాయ్: క్యాడ్ నుంచి తీసిన పీడీఎఫ్ ఎందుకు సాగుతుంది?

ఆటోనగర్_ఫ్యాబ్: నన్నడగండి. ఒక కాంట్రాక్టరు ఇలా మార్చిన ఫైలే పంపితే గేటు కట్ చేశాం. సైటులో పట్టలేదు. డబ్బు ఇప్పటికీ రాలేదు.

సైట్_బాబాయ్: కట్ చేసే ముందు టేపు పెట్టకపోతే ఫైలు తప్పా?

ఆటోనగర్_ఫ్యాబ్: టేపు పెట్టే పని నాదైతే డ్రాయింగ్ దేనికి?

విశాఖ_పిల్లోడు: ఫాలోయింగ్.

సైట్_బాబాయ్: అసలు సంగతి నేను చెప్తా. నిమిషంలో అయ్యే పనికి డ్రాఫ్టర్లు వేలు అడుగుతారు. అది పోతుందనే ఈ గొడవంతా.

గాజువాక_డ్రాఫ్టర్: అవును, పోతుందనే. నేను రాత్రంతా కూర్చుని శుభ్రం చేసేది మీ ‘నిమిషం’ ఫైళ్లనే. అప్రూవల్‌కి పెట్టాలంటే ప్లాటు, గోడలు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలే ఖాళీ) అన్నీ చెప్పిన లేయర్లలో, అంటే వేర్వేరు పొరల్లో ఉండాలి. కన్వర్టర్‌కి ఏది గోడో ఏది మెట్టో తెలుసా?

మధురవాడ_ఓనర్: ఒక్క మాట. అప్పుడు ఫీజు మొత్తం కట్టాను. క్యాడ్ ఫైలు అడిగితే ఇవ్వం అన్నారు. నా ఇంటి బొమ్మ నాది కాదా? అసలు నా బాధ అది.

ఆర్కి_అమ్మాయి: ఇల్లు మీదే సార్. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ప్లాన్ కూడా కళాకృతే, హక్కు మామూలుగా గీసినవాళ్లదే. క్యాడ్ ఫైలు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాసుకున్నారా?

మధురవాడ_ఓనర్: అగ్రిమెంటా? అడ్వాన్సు ఇచ్చాం, టీ తాగాం.

గాజువాక_డ్రాఫ్టర్: ఆ ఫైలు ఇచ్చేస్తే పైఅంతస్తు పని ఇంకొకరికి పోతుంది. అందుకే ఇవ్వరు. నేనూ ఇవ్వను.

సైట్_బాబాయ్: ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా!

ఆర్కి_అమ్మాయి: స్టాంపు ఉంది, మసకగా ఉంది అంటే అది స్కాన్. పైన ఇద్దరూ వాదించిన కమాండ్లేవీ దానికి పనిచేయవు, కొత్తగా గీయాల్సిందే. ఇంతకీ ఇల్లు ప్లాన్ ప్రకారమే కట్టారా?

మధురవాడ_ఓనర్: మెట్లు మాత్రం వాస్తు కోసం అటు నుంచి ఇటు మార్చాం.