నటి కనిపెట్టిన సీను స్క్రిప్టులోకి ఎక్కితే ‘రచన’ ఎవరిది?

లైట్ల అబ్బాయి, సికింద్రాబాద్:
మా చిన్న నాటక బృందంలో ఒక పంచాయితీ నడుస్తోంది. పేర్లు చెప్పను. ఆరేడుగురు నటులం, ఒక రచయిత. ఆయన మాకు తప్ప బయటివాళ్లకు రాయరు. ఒక నాటికలో, ఇల్లు అమ్మేశానని కొడుకు చెప్పగానే తల్లి అందుకోవాల్సిన ముప్పావు పేజీ డైలాగు ఉంది. ఆ పాత్ర వేసే అక్క ఎంత చెప్పినా అది అతకలేదు. ఒక రిహార్సల్లో డైలాగు పక్కన పెట్టేసి, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. దొరికిన ప్రతి రాయినీ కొడుకు కాళ్ల ముందు పెడుతుంది. ఒక్క మాట మాట్లాడదు. లామకాన్‌లో ఆడినప్పుడు ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా అక్కడ తలెత్తారు. ఇప్పుడు వేరే ఊరివాళ్లు ఆ నాటిక వేస్తున్నారు. వాళ్లకిచ్చిన కాపీలో రాళ్ల సీను అచ్చంగా అలాగే ఉంది, పైన రచయిత పేరు ఒక్కటే ఉంది. అక్క ఏమీ అడగలేదు. మాకే మనసొప్పడం లేదు.

రాసేవాడు, చిక్కడపల్లి:
ఆ రాళ్లకు అంత బరువు ఎక్కడిది తమ్ముడూ? ఆ ఇల్లు ఆ తల్లికి ఏమిటో అంతకుముందే రాసి పెట్టాడు కాబట్టి వచ్చింది. రిహార్సల్లో అందరూ ఏదో ఒకటి కలుపుతారు. అందరి పేర్లూ ‘రచన’ కింద వేస్తే రేపు మీ లైట్లకూ వేయాలి. నాటక పరిషత్తుల పోటీల్లో ఉత్తమ రచనకు, ఉత్తమ నటికి వేర్వేరు బహుమతులు ఊరికే పెట్టలేదు.

లా చదివినోడు, బర్కత్‌పుర:
1957 కాపీరైట్ చట్టంలో నాటక రచన అంటే మాటలే కాదు, మూకాభినయం కూడా వస్తుంది. కాకపోతే అది కాగితం మీదో మరోలాగో నమోదై ఉండాలి. నటుల హక్కులు 1994 సవరణతో విడిగా వచ్చాయి, కానీ అవి ప్రదర్శనకు సంబంధించినవి. ఇద్దరూ కలిసి చేసిన పనిలో ఎవరి వాటా ఏదో విడదీయలేకపోతేనే ఉమ్మడి రచన. ఇక్కడ అక్క వాటా విడిగా స్పష్టంగా కనబడుతోంది కాబట్టి, ఉమ్మడి రచన అని కోర్టులో నెగ్గడం తేలిక కాదు.

పాత ప్రాంప్టర్, నాంపల్లి:
కోర్టు సంగతి వదిలేయండి. లైట్లు, నటన ఒక ప్రదర్శనతో పోతాయి, మళ్లీ వేసేవాళ్లు తమవి తాము చేసుకుంటారు. ఈ రాళ్ల సీను మాత్రం కాపీలో కూర్చుంది. ముక్కూమొహం తెలియని నటి కూడా చదివి అదే చేయాలి. అలాంటిదాన్ని రచన అనకపోతే ఇంకేమంటారు?

షేక్‌స్పియర్ కూడా ఒక కంపెనీకి రాసినవాడే, అందులో నటుడు, వాటాదారు. ‘రోమియో అండ్ జూలియట్’ 1599 ప్రతిలో ఒకచోట పాత్ర పేరుకు బదులు విల్ కెంప్ అని నటుడి పేరే అచ్చయింది. మనిషిని కళ్ల ముందు పెట్టుకుని రాసే పద్ధతి అది. 1623లో ఆయన నాటకాల సంపుటిని తెచ్చిన హెమింజ్, కాండెల్ ఆయనతో ఆడిన నటులే. రచన ఆయనదే అని వేశారు, అయితే ముఖ్య నటులు 26 మంది పేర్లూ లోపల వేశారు.

మన సురభిలో ఈ పేచీ ఎందుకు రాలేదంటారా? 1885 నుంచి అది కుటుంబాల సమాజం. ఒకరు కనిపెట్టిన కిటుకు పిల్లలకే పోతుంది. మీ బృందాలు అలా కాదు. రేపు ఆ అమ్మాయి సీరియల్‌కు వెళ్తే చేతిలో ఏమీ ఉండదు, రచయితకు మాత్రం కాపీ ఉంటుంది. కాబట్టి రచన ఆయనదే ఉంచి, కింద ‘రాళ్ల సన్నివేశం కల్పన’ అని ఆమె పేరు కాపీలోనే వేయాలి. పోస్టర్ మీద లేకపోయినా నాకు పట్టింపు లేదు.

రాసేవాడు, చిక్కడపల్లి:
ఆ ఊరి నటి చేట వద్దు, డైలాగే చెప్తానంటే? అప్పుడు పేరు కొట్టేస్తారా?

పాత ప్రాంప్టర్, నాంపల్లి:
సీను కాపీలో ఉన్నంతకాలం పేరూ ఉంటుంది. ఇంతకీ ఆ ముప్పావు పేజీ మీ రచయిత దాచుకున్నాడా, చింపేశాడా? ముందు అది కనుక్కో లైట్ల బాబూ.