‘రంగం’ అనే పేరు మా నృత్యానికి నిలుస్తుందా?

ప్రశ్న: విజయనగరంలో మేం కొందరం కలిసి బర్మా వలసల మీద నృత్యరూపకం తయారు చేస్తున్నాం. పేరు ‘రంగం’ అనుకున్నాం. వేదికనూ రంగం అంటాం, రంగూన్‌నూ మన పెద్దలు రంగమే అన్నారు. రెండూ ఒకటేనా మాస్టారూ?

జవాబు: కాదమ్మా. వేదిక అనే అర్థంలో అది సంస్కృత పదం. ఊరి పేరు బర్మా భాషది. 1755లో అలౌంగ్‌పయా రాజు పెట్టిన ఆ పేరుకు ‘శత్రుశేషం లేనిది’ అని అర్థం చెబుతారు. మనవాళ్ళు రంగూన్‌ను రంగం చేసి సొంత ఊరి పేరులా పలికారు. శ్లేష బాగానే ఉంది గానీ, హైదరాబాదులో ప్రదర్శిస్తే రంగం అనగానే బోనాల భవిష్యవాణి అనుకుంటారు. పక్కన క్రియ ఉండాలి. ‘రంగం వెళ్ళాడు’ అంటేనే మన వైపు ఆ మాటకు ప్రాణం. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడలెక్కి వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసినవాళ్ళంతా అందులో ఉన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే! ‘రంగం వెళ్ళినవారు’ అని పెట్టండి.

మీరు అడగలేదు గానీ, ‘కోరంగి’ అన్న మాటను వదలకండి. కాకినాడ దగ్గరి ఆ రేవు పేరే బర్మాలో తెలుగువాళ్ళందరికీ అంటుకుంది. శ్రీకాకుళం మనిషి కోరంగి ముఖమైనా చూసి ఉండడు, అక్కడ మాత్రం కోరంగివాడే. ప్రేమతో పిలిచిన పేరు కాదది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దాడులకు దారితీసినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది ఆ ‘కోరంగులే’. ఎవరు, ఎవరిని చూసి ఆ మాట అంటున్నారో తెలిసేలా పాత్రచేతే పలికించండి. పాట పల్లవిలో పెడితే ఆ గాయం కనబడకుండా పోతుంది.

ప్రశ్న: తిరుగు నడకను తప్పెటగుళ్ల దరువు మీద కూర్చాం. ‘వెళ్ళినవారు’ అంటే ఆ భాగం బయటపడిపోదా?

జవాబు: పడదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది అరకాన్, మణిపురం దారులు పట్టారు. తప్పెట ఛాతీకి కట్టుకునే వాయిద్యం, నడుస్తూనే మోగుతుంది, మంచి ఎంపిక. అయితే కథను 1942తో ఆపకండి. 1962లో సైనిక పాలన వచ్చాక, 1964 నుంచి మరో విడత తిరిగొచ్చారు. విశాఖలో ఒక పేటకు ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేరు. అక్కడ కోరంగివాళ్ళు, ఇక్కడ బర్మావాళ్ళు. ఈ రెండో పిలుపును మన ఊరి పాత్రలే అనాలి, అదీ మన యాసలోనే.