పాలసొర కడుపులో పిల్లలు... ఏ జాతో తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విశాఖ. చెల్లెలు బాలింత, పాలు బాగా పడతాయని అమ్మ మొన్న ఫిషింగ్ హార్బర్ నుంచి పాలసొర తెచ్చింది. పొడవు రెండు మూరలకు కాస్త తక్కువ. కోస్తే కడుపులో నాలుగు పిల్లలు! ఒక్కోటీ జానెడు ఉంది, కళ్లు, రెక్కలు అన్నీ ఏర్పడ్డాయి. గొంతు కింద, రెండు రెక్కల మధ్య నుంచి సన్నటి బొడ్డుతాడు. అమ్మ కత్తి పక్కన పెట్టేసింది. ఆ రోజు ఇంట్లో ఎవరం పులుసు ముట్టలేదు.

తర్వాత కొంత చదివాను. మిల్క్ షార్క్ (రైజోప్రియోనోడాన్ అక్యూటస్) గుడ్లు పెట్టదట, మావి ద్వారా పిల్లల్ని పోషించి, దాదాపు ఏడాది మోసి, 2 నుంచి 5 పిల్లల్ని కంటుందట. పార ముక్కు సొర కూడా పిల్లల్నే కంటుంది కానీ దాని పిల్లలు పుట్టేటప్పటికి 15 సెంటీమీటర్లు దాటవు, అందుకే ఇది మిల్క్ షార్కే అనుకుంటున్నాను. నోటి మూలల్లో పొడవాటి గాడి ఉంది, వెనక చిన్న వీపు రెక్క కింది రెక్క కంటే వెనగ్గా మొదలైంది. ఈ గుర్తులు సరిపోతాయా?

ఇంకోటి, మన తీరంలో ఇవి ఏ నెలల్లో ఈనతాయి? కొనేముందే చూలుదని గుర్తుపట్టే వీలుందా? వేటకు వెళ్లేవాళ్లు, ఫిషరీస్ చదివినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ నెలల్లోనైనా కొనకుండా ఉంటాం.