సుంకి ఘాట్ దిగేటప్పుడే హ్యాండ్‌బ్రేక్ లైటు వెలుగుతోంది, స్విచ్ పోయినట్టేనా?

జయపురం కుర్రాడు:
అందరికీ నమస్కారం. నాది 2015 మోడల్ పెట్రోల్ కారు, 80 వేలు తిరిగింది, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. నెలకి రెండుసార్లు జయపురం నుంచి కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా విజయనగరం వెళ్తుంటాం. మూడు ట్రిప్పుల నుంచి ఘాట్ దిగుతూ బ్రేక్ నొక్కినప్పుడల్లా ఎర్ర గుండ్రంలో ఆశ్చర్యార్థకం ఉన్న లైటు, అదే హ్యాండ్‌బ్రేక్ లాగితే వచ్చేది, వెలుగుతోంది. సాలూరు దగ్గర రోడ్డు సమంగా అవగానే దానంతటదే ఆరిపోతుంది. ఇక్కడి మెకానిక్ స్విచ్ పోయిందని చెప్పి లివర్ కింద కనెక్టర్ పీకేసి టేపు చుట్టాడు. నిన్న దిగితే మళ్లీ వెలిగింది. వెనక సీట్లో అమ్మ "ఏంట్రా ఆ ఎర్ర దీపం" అని కిందికి దిగేదాకా అడుగుతూనే ఉంది. బ్రేకులు బాగానే పడుతున్నాయి కానీ టెన్షన్‌గా ఉంది.

రాయగడ డ్రైవర్:
తమ్ముడూ, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. కనెక్టర్ పీకేశాక కూడా వెలిగిందంటే తప్పు ఆ స్విచ్‌ది కాదు. చాలా కార్లలో ఆ ఒక్క లైటే రెండు పనులు చేస్తుంది, లివర్ పైకి ఉన్నా వెలుగుతుంది, బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. ఆయిల్ డబ్బాలో తేలే ఫ్లోట్ ఒకటి ఉంటుంది, మట్టం అంచు మీద ఉన్నప్పుడు సమంగా ఉన్న రోడ్డు మీద ఏమీ అనదు, బండి ముక్కు కిందికి వంగి పైగా బ్రేక్ కూడా నొక్కితే ఆయిల్ అంతా ముందుకి జరిగి ఫ్లోట్ పడిపోతుంది. బండి సమంగా నిలిపి బానెట్ తీసి చూడు, మినిమం గీత దగ్గరే ఉంటుంది చూస్కో. ఆయిల్ నిండుగా ఉండి కూడా వెలుగుతుంటే అప్పుడు ఆ డబ్బా కనెక్టర్ పీకి చూడాలి, ఆరితే ఫ్లోట్ ఇరుక్కున్నట్టు, ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నట్టు. పక్కన ఏబీఎస్ లైటు కూడా వెలిగితే మాత్రం అది వేరే కథ, స్కానర్ పెట్టించు.

బరంపురం నుంచి:
ఇంత ఎందుకండీ, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ చిన్న డబ్బా కొని మాక్స్ దాకా పోసేయండి. నాకూ ఇలాగే వస్తే పోశాను, మళ్లీ రాలేదు.

రాయగడ డ్రైవర్:
మాస్టారూ, అదే వద్దంటాను. ఆ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే డిస్కుని పట్టే ప్యాడ్లు అరిగి, వాటిని తోసే పిస్టన్లు బయటికొచ్చి ఆ ఖాళీలోకి చేరి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. ప్యాడ్లు అరిగితే నెమ్మదిగా నెలల మీద తగ్గుతుంది, కారితే వారాల్లోనే తెలుస్తుంది. చూడకుండా పోస్తే లైటు ఆరుతుంది, కారణం అక్కడే ఉంటుంది. రేపు కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నొక్కితే నిండుగా పోసిన ఆయిల్ పొంగుతుంది, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. ఇంకోటి, ఆ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి కూడా పడిపోవచ్చు. ఘాట్‌లో అంతా బ్రేకు మీదే దిగితే ఆయిల్ మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మూత తీసి ఏడాదైన డబ్బా అసలు వాడొద్దు, మా వర్షాలకి మరీను.

పర్లాకిమిడి అక్క:
వెనక టైర్ల లోపలి వైపు కూడా చూడు బాబూ. మా బండికి వెనక డ్రమ్ములో బ్రేకు షూలని తోసే వీల్ సిలిండర్ కారి టైరు లోపలంతా తడిగా ఉండేది, వాన నీళ్లే కదా అని నెల్లాళ్లు వదిలేశాను. తడి బ్రేకు షూల మీద పడితే హ్యాండ్‌బ్రేక్ లివర్ చెవులదాకా లాగినా ఏటవాలులో బండి జారుతుంది.

జయపురం కుర్రాడు:
చూశాను. ఆయిల్ సరిగ్గా మినిమం గీత మీద ఉంది. ముందు ప్యాడ్లు 2 మిల్లీమీటర్లు కూడా లేవు, వెనక రెండు వైపులా పొడిగానే ఉంది. ప్యాడ్లు మార్చి పాత ఆయిల్ తీయించి కొత్తది పోయించాను, పెడల్ గట్టిపడింది. పిస్టన్లు వెనక్కి వెళ్లాక పాత ఆయిల్ మట్టం దానంతటదే పైకొచ్చింది, అక్కడే నమ్మకం కుదిరింది. ఆదివారం మళ్లీ దిగాం, లైటు రాలేదు. కానీ ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగినా వెలగడం లేదు!

రాయగడ డ్రైవర్:
ఆ టేపు విప్పి కనెక్టర్ పెట్టు ముందు.