ఫ్లేకీ టెస్టులను తీసేయడమే మేలా?

ప్రశ్న వేసినవారు:
మా మెయిల్ సర్వర్ టెస్టుల్లో ఓ పదిహేను ఫ్లేకీగా తయారయ్యాయి. కోడ్ మారకపోయినా వారానికోసారి ఫెయిలవుతాయి, మళ్ళీ నడిపితే పాసవుతాయి. ఇప్పుడు ఎర్ర గుర్తు పడితే ఎవరూ లాగ్ తెరవడం లేదు, రీరన్ నొక్కేస్తున్నారు. నమ్మకం లేని టెస్టు ఉండటం కంటే లేకపోవడమే నయమని నా అభిప్రాయం.

క్యూకాపలా:
తొందరపడకండి. అవి దేన్ని పరీక్షిస్తున్నాయో ముందు చూడండి. మా దగ్గర అలాంటివన్నీ క్యూ టెస్టులే, అంటే పంపాల్సిన మెయిల్ వేచి ఉండే వరుసకి సంబంధించినవి. అవతలి సర్వర్ 451 (ఇప్పటికి కుదరదు) అంటే మెయిల్‌ని క్యూలో ఉంచి మళ్ళీ పంపాలి, 550 (అసలు తీసుకోను) అంటే పంపినవారికి బౌన్స్, అంటే మెయిల్ చేరలేదన్న కబురు వెళ్ళాలి. ఇక్కడ పొరపాటు జరిగితే మెయిల్ పోతుంది, పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. మా టెస్టులో ‘రెండు సెకన్లు ఆగి క్యూ చూడు’ అని ఉండేది. మెషీన్ మీద లోడ్ పెరిగితే రెండు సెకన్లు చాలేవి కావు, అంతే! ఇప్పుడు ఆ మెసేజ్ స్థితి మారేదాకా చూస్తూనే ఉంటుంది, 30 సెకన్లు దాటితేనే ఫెయిల్. మెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీకి ప్రమాణపత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం మళ్ళీ పంపడానికి మామూలుగా కనీసం 30 నిమిషాలు ఆగాలి. అంతసేపు కూర్చోలేం కాబట్టి సర్వర్ చూసే గడియారాన్ని టెస్టే ముందుకు తిప్పుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఇంత శ్రమ ఎందుకండీ? సర్వర్‌ని లేపకుండా, నకిలీ సాకెట్‌తో (ఉత్తుత్తి నెట్‌వర్క్ కనెక్షన్‌తో) ఒక్కో భాగాన్నీ విడిగా చూసే చిన్న యూనిట్ టెస్టులు రాసుకుంటే సరిపోదా?

చుక్కవేట:
వచ్చిన బైట్లను చదివి అర్థం చేసుకునే పార్సర్‌కి సరిపోతుంది, మొత్తానికి సరిపోదు. 2023 డిసెంబరులో బయటపడిన ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ అనే లోపం గుర్తుందా? మెసేజ్ ముగింపు అంటే సీఆర్‌ఎల్‌ఎఫ్ (లైన్ చివర వచ్చే సీఆర్, ఎల్‌ఎఫ్ అనే రెండు బైట్లు), చుక్క, సీఆర్‌ఎల్‌ఎఫ్. ఉత్త ఎల్‌ఎఫ్ మధ్య చుక్కని కూడా కొన్ని సర్వర్లు ముగింపుగా తీసుకునేవి. దాంతో ఒక మెయిల్ లోపల ఇంకో మెయిల్ దాచి పంపగలిగారు. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ లాంటి మెయిల్ సర్వర్లన్నీ సవరణలు చేయాల్సి వచ్చింది. పైథాన్‌లో మెయిల్ పంపే లైబ్రరీ ఎస్‌ఎంటీపీలిబ్‌కి మెసేజ్‌ని స్ట్రింగ్‌గా ఇచ్చి పంపితే లైన్ చివరలన్నీ అదే సరిచేస్తుంది, తప్పుడు బైట్లు సర్వర్ దాకా చేరనే చేరవు. అసలు సర్వర్‌ని లేపి, సాకెట్ తెరిచి, బైట్లు మనమే రాయాలి. సర్వర్ పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ మాత్రం నకిలీదే పెట్టుకోండి, బయటి నెట్‌వర్క్ మీద ఆధారపడితే ఫ్లేకీ తప్పదు.

ప్రశ్న వేసినవారు:
క్యూ టెస్టులు ఉంచుతాను, ఒప్పుకున్నాను. మిగతావి సరిచేసేదాకా రాత్రిపూట నడిచే జాబ్‌కి మారుస్తాను.

క్యూకాపలా:
ఆ జాబ్ ఫలితం పొద్దున్నే ఎవరు చూస్తారో పేరు రాసిపెట్టి మార్చండి. మా రాత్రి జాబ్ మూడు నెలలు ఎర్రగా ఉన్నా ఎవరం చూడలేదు.